కలుగు కోసం పుట్టిన కుక్క

గ్రామఫోన్ రికార్డుల కాలంలో తెలుగు ఇళ్లన్నిటికీ తెలిసిన కుక్క ఒకటుంది. బాకా ముందు తల పక్కకు వంచి కూర్చుని, అందులోంచి వచ్చే గొంతును శ్రద్ధగా వింటూ ఉంటుంది. హెచ్.ఎం.వి. రికార్డు మీది ఆ కుక్క పేరు నిప్పర్. 1884లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో పుట్టి 1895లో పోయింది. అది పోయిన మూడేళ్లకు, 1898లో, చిత్రకారుడు ఫ్రాన్సిస్ బారో దాని బొమ్మ గీశాడు. నిప్పర్ ఏ జాతిదన్న వాదన ఇప్పటికీ తెగలేదు గానీ, దాని ఒంట్లో టెర్రియర్ రక్తం ఉందన్నది చాలామంది ఒప్పుకునే మాట. బొమ్మలో అంత బుద్ధిగా కనిపించే ఆ కుక్కకు ఇంటికొచ్చినవాళ్ల పిక్కలు పట్టుకోవడం, ఎలుకల వెంటపడటం మహా ఇష్టమట.

ఆ కోవకు చెందిన జాక్ రసెల్, యార్క్‌షైర్, వెస్ట్ హైలాండ్ టెర్రియర్లు ఇప్పుడు మన అపార్ట్‌మెంట్లకు చేరాయి. చంకన ఎత్తుకోవచ్చు, ఒళ్లో పడుకోబెట్టుకోవచ్చు, సెలవు దొరికితే కారెక్కించి అనంతగిరి ఘాటు మీదుగా బొర్రా, అరకు తీసుకుపోవచ్చు. విశాఖకు సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న బొర్రా గుహలు మనకు విహారస్థలం. టెర్రియర్‌కు మాత్రం అది పని చేసే చోటులా తోస్తుంది. చుట్టూ బొరియలు, పొదలు, ఊళ్లో కోళ్లు, గుహల దగ్గర కోతులు. నగరంలో సోఫా కింద అణిగి ఉన్న స్వభావమంతా ఇక్కడ కారు తలుపు తీయగానే బయటపడుతుంది. అప్పటిదాకా బొమ్మలా ఉన్న కుక్క గొలుసు తెంపుకోబోతుంటే యజమానులు తెల్లబోతారు.

తెల్లబోవాల్సిన పని లేదు. చిన్న టెర్రియర్ ఒంట్లో ఉన్న ప్రతి కొలతా, గుణంలో ఉన్న ప్రతి చికాకూ ఒకానొక పని కోసం మనుషులు ఏరి కూర్చినవే. ఆ పనేమిటో, అది ఏ నేల మీద జరిగేదో తెలిస్తే, మన నేల మీద దాన్ని ఎలా చూసుకోవాలో చాలావరకు తేటపడుతుంది.

నక్క వెంట నేలలోకి

బ్రిటన్ పల్లెల్లో రైతులకు నక్క పెద్ద బెడద. కోళ్లను, గొర్రెపిల్లలను ఎత్తుకుపోయి బొరియలో దూరేది. గుర్రం మీద తరిమినవాడూ, పొడుగు కాళ్ల వేటకుక్కా ఆ బొరియ నోటి దగ్గర ఆగిపోవాల్సిందే. లోపలికి దూరి, చీకట్లో నక్కను ఎదిరించి, బయటికి వెళ్లగొట్టడమో కదలనివ్వకుండా నిలబెట్టడమో చేసే చిన్న కుక్క కావలసి వచ్చింది.

అలాంటి కుక్కల పెంపకానికి పేరుపడ్డవాడు డెవన్ ప్రాంతపు పాదిరీ జాన్ రసెల్ (1795–1883). ఆక్స్‌ఫర్డులో చదువుకునే రోజుల్లో, 1819లో, ఒక పాలవాడి దగ్గరున్న ట్రంప్ అనే ఆడ టెర్రియర్‌ను చూసి మనసు పారేసుకుని కొనేశాడు. ఆయన పెంచిన వంశం నుంచే జాక్ రసెల్ జాతికి ఆ పేరు వచ్చింది. ఈ జాతి కుక్కను ఎంచేటప్పుడు ఇప్పటికీ ఒక పరీక్ష పెడతారు. ముందుకాళ్ల వెనక ఛాతీని రెండు చేతులతో చుడితే వేళ్లు కలుసుకోవాలి. అంతకన్నా లావుగా ఉంటే నక్క దూరిన దారిలో కుక్క ఇరుక్కుపోతుందన్నమాట.

యార్క్‌షైర్ టెర్రియర్ కథ వేరే. 19వ శతాబ్దం మధ్యలో స్కాట్లండు నుంచి కూలి కోసం ఉత్తర ఇంగ్లండు మిల్లులకు వలస వచ్చిన నేతపనివాళ్లు తమ చిన్న కుక్కలను వెంట తెచ్చుకున్నారు. మిల్లుల్లో, గనుల్లో ఎలుకలు పట్టడం వాటి పని. ఈ జాతికి మూలపురుషుడిగా చెప్పే హడర్స్‌ఫీల్డ్ బెన్ 1865లో పుట్టి ఆరేళ్లే బతికింది. అందాల ప్రదర్శనల్లోనే కాక, ఎలుకలను చంపే పోటీల్లోనూ గెలిచేది. ఇవాళ నెత్తిన రిబ్బను కట్టించుకుని తిరిగే మూడు కిలోల యార్కీకి ముత్తాత అదే.

ఈ చరిత్ర తెలిస్తే ఇంట్లో రోజూ వినే ఫిర్యాదులు మూడింటికి జవాబు దొరుకుతుంది. మొదటిది మొరుగుడు. నేలలోపల కుక్క ఎక్కడుందో పైనున్న వేటగాడికి తెలియాలంటే అది ఆపకుండా మొరగాలి. ఆ గొంతు విని, గురి చూసి అక్కడ తవ్వేవాళ్లు. మూగగా ఉన్న కుక్క మట్టి కిందే పోయేది. అలా తరతరాలుగా గొంతున్నవాటికే పిల్లల్ని కనే అవకాశం దక్కింది. ఇప్పుడు లిఫ్టు చప్పుడైనా, గుమ్మంలో చెప్పులు కదిలినా అదే గొంతు లేస్తుంది. రెండోది తవ్వడం. దారికి అడ్డొచ్చిన మట్టిని ముందుకాళ్లతో లాగి పారేయడం దాని వృత్తివిద్య. పూలకుండీ అయినా పరుపైనా దానికి తేడా లేదు. మూడోది మాట వినకపోవడం. గొర్రెల కాపరి కుక్క యజమాని ఈల వింటూ పని చేస్తుంది. బొరియలో ఉన్న టెర్రియర్‌కు ఏ ఈలా వినపడదు. ముందుకు పోవాలా, నిలబడాలా అన్నది అదే తేల్చుకోవాలి. సొంత బుద్ధితో నడిచే కుక్కనే ఏరుకుని పెంచిన మనుషులు, అది సొంత బుద్ధితో నడుస్తోందని ఇప్పుడు విసుక్కుంటున్నారు.

వేటలో ఆగని చోటు

తోడేలు వేటను చూస్తే అందులో వరుసగా కొన్ని మెట్లున్నాయని అమెరికా జీవశాస్త్రవేత్త రేమండ్ కాపింజర్ వివరించాడు. కనిపెట్టడం, చూపు నిలపడం, పొంచి నడవడం, తరమడం, పట్టుకోవడం, చంపే కాటు వేయడం. మనిషి కుక్కల్ని మలుచుకునే క్రమంలో ఒక్కో జాతిలో ఈ వరుసను ఒక్కోచోట ఆపేశాడు. గొర్రెలు కాసే బార్డర్ కోలీ తరమడం దాకా వచ్చి ఆగుతుంది. నీళ్లలో పడిన పక్షిని తెచ్చే రిట్రీవర్ పట్టుకుంటుంది గానీ నలపదు. టెర్రియర్‌లో మాత్రం చివరి మెట్టు అలాగే ఉంచారు. మెడ దగ్గర పట్టుకుని ఒక్క విదిలింపు విదిలిస్తే ఎలుక వెన్ను విరుగుతుంది. బట్టబొమ్మను నోట కరుచుకుని అది తల అటూ ఇటూ విసురుతుంటే మనం ఆట అనుకుంటాం. అది చంపే కాటుకు సాధన.

చెవులు కూడా ఆ పనికి తగినవే. మనిషికి వినిపించే శబ్దాల పైహద్దు సుమారు 20 వేల హెర్ట్జులు. కుక్క చెవి దాదాపు 45 వేల దాకా అందుకుంటుంది. ఎలుకలు ప్రమాదం పసిగట్టినప్పుడు సుమారు 22 వేల హెర్ట్జుల దగ్గర కూస్తాయి. మనకది నిశ్శబ్దం, కుక్కకది స్పష్టమైన పిలుపు. ఖాళీ గోడ వైపు చూస్తూ చెవులు రిక్కించి గంటలకొద్దీ కూర్చున్న టెర్రియర్‌కు మతి పోలేదు. గోడ వెనక ఎవరో ఉండి ఉంటారు.

ఈ స్వభావం చంపడానికే కాదు, మనిషి ప్రాణం కాయడానికీ పనికొచ్చిన సందర్భం ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో, న్యూ గినీ అడవిలో ఒక గోతిలో అమెరికా సైనికులకు ఓ యార్కీ దొరికింది. బరువు రెండు కిలోలైనా లేదు. బిల్ విన్ అనే సైనికుడు దాన్ని కొనుక్కుని స్మోకీ అని పేరు పెట్టాడు. 1945 జనవరిలో ఫిలిప్పీన్స్‌లోని లింగాయెన్ విమానాశ్రయంలో రన్‌వే కింద ఉన్న గొట్టంలోంచి టెలిఫోను తీగ వేయాల్సి వచ్చింది. 20 సెంటీమీటర్ల వెడల్పు, 21 మీటర్ల పొడవు ఉన్న గొట్టం అది, లోపల అక్కడక్కడా మట్టి పేరుకుపోయి ఉంది. నేల తవ్వుతూ కూర్చుంటే శత్రు విమానాల కింద మూడు రోజుల పని. మెడపట్టీకి తాడు కట్టి స్మోకీని ఇటు నుంచి వదిలారు, అటు చివర విన్ పిలుస్తూ నిలబడ్డాడు. కొన్ని నిమిషాల్లో అది తాడుతో సహా బయటికొచ్చింది. చీకటి గొట్టంలోకి దూరడానికి జంకని గుణాన్ని దానికి ఎవరూ నేర్పలేదు. మిల్లుల్లో ఎలుకల కలుగులు వెతికిన దాని పూర్వీకుల నుంచే అది వచ్చింది.

బొర్రాలో గొలుసు వదలకూడదనడానికి కారణం ఇదే. పొదలో కదలిక కనబడితే, నేలలో కన్నం దొరికితే, మీరు ఎంత గొంతు చించుకున్నా అది వినదు. ఐదు నుంచి పది మీటర్ల పొడవైన తాడు కట్టి తిప్పితే దానికి తిరిగే స్వేచ్ఛ, మీకు లాక్కునే వీలు రెండూ ఉంటాయి. బస చేసిన ఊరిలో పెరటి కోడిని పట్టిందంటే రెండు క్షణాల్లో దాని ప్రాణం తీస్తుంది. కొండ మీద ఒక ఇంటివాళ్లకు ఆ కోడి గుడ్లు, పిల్లలు, పండగ ఖర్చు అన్నీ కలిసిన ఆస్తి. డబ్బు చేతిలో పెట్టినంత మాత్రాన ఆ లోటు వెంటనే తీరదు.

చిన్న ఒంటి లెక్కలు

కుక్క అంత చిన్నదెలా అయింది? 2007లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన దీనికి ఒక ముఖ్యమైన జవాబు ఇచ్చింది. ఐజీఎఫ్-1 అనే పెరుగుదల కారకాన్ని తయారుచేసే జన్యువు దగ్గర ఒక రకం మార్పు చిన్న జాతులన్నిటిలోనూ దాదాపుగా ఉమ్మడిగా కనిపించింది. మనిషి చేతిలో పడ్డాక వచ్చిన మార్పేమో అని అప్పట్లో అనుకున్నారు. 2022లో వెలువడిన మరో అధ్యయనం కథ మార్చింది. చిన్న ఆకారంతో ముడిపడిన ఆ జన్యురూపం 54 వేల ఏళ్ల కిందటి సైబీరియా తోడేలులోనే ఉంది. చిన్న కుక్కకు కావలసిన విత్తనం ప్రకృతిలో ముందే ఉంటే, మనిషి దాన్ని ఏరుకుని పెంచాడంతే.

చిన్న ఒళ్లు అంటే పెద్ద ఒంటికి తగ్గించిన నమూనా కాదు. బరువు తగ్గినంతగా చర్మం వైశాల్యం తగ్గదు. కిలో బరువుకు చర్మం ఎక్కువ, కాబట్టి వేడి పోయే దారి కూడా ఎక్కువ. ఆ నష్టం పూడ్చుకోవడానికి కిలోకు ఎక్కువ ఆహారం కావాలి. కదలకుండా పడుకున్న కుక్కకు రోజుకు కావలసిన శక్తిని పశువైద్యులు ఒక సూత్రంతో లెక్కిస్తారు. దాని ప్రకారం మూడు కిలోల యార్కీకి సుమారు 160 కేలరీలు, అంటే కిలోకు 53. ఏడు కిలోల జాక్ రసెల్‌కు సుమారు 300, అంటే కిలోకు 43. ఇరవై కిలోల కుక్కకు 660, అంటే కిలోకు 33 మాత్రమే. మామూలుగా తిరిగే కుక్కకు దీనికి దాదాపు ఒకటిన్నర రెట్లు పెట్టాలి.

ఈ అంకెలు రెండు వైపులా పదునైనవి. కడుపు చిన్నది, ఖర్చు ఎక్కువ. అందుకే యార్కీ పిల్లలు కొన్ని గంటలు తిండి లేకపోతే రక్తంలో చక్కెర పడిపోయి తూలుతాయి, ఒక్కోసారి స్పృహ తప్పుతాయి. రోజుకు నాలుగు సార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. పడిపోతే చిగుళ్లకు తేనె రాసి డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. మరోవైపు, మొత్తం లెక్క సుమారు 450 కేలరీలున్న జాక్ రసెల్‌కు ఇంటిల్లిపాదీ తలా ఒక బిస్కెట్టు పెడితే సాయంత్రానికి రోజు కోటా దాటిపోతుంది. ఏడాది తిరిగేసరికి ఆ కొవ్వంతా కీళ్ల మీద పడుతుంది.

చలికాలంలో అరకు లోయలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోతుంది. యార్కీకి ఉన్నది మెత్తని పట్టులాంటి ఒకే పొర వెంట్రుక. అడుగున ఉన్నిలాంటి పొర లేదు. డిసెంబరులో గుడారంలో పడుకోబెడితే వణికిపోతుంది. దానికి కోటు తొడగడం షోకు కాదు, అవసరం. స్కాట్లండు కొండల వెస్ట్ హైలాండ్ టెర్రియర్‌కు రెండు పొరల బొచ్చు ఉంది కాబట్టి అది ఆ చలిని ఆనందిస్తుంది. మే నెలలో విశాఖ తీరాన మాత్రం అదే బొచ్చుతో అల్లాడుతుంది. కుక్కకు పాదాల అడుగున తప్ప చెప్పుకోదగ్గ చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుతూ తేమను ఆవిరి చేసి చల్లబడుతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆవిరి కాదు, ఒళ్లు చల్లబడదు. మామూలుగా 38 నుంచి 39 డిగ్రీల మధ్య ఉండే ఒంటి వేడి 41 దాటితే ప్రాణానికే ముప్పు. అలాంటప్పుడు మామూలు నీళ్లతో తడిపి, గాలి తగిలేలా ఉంచి, ఆలస్యం చేయకుండా వైద్యం చేయించాలి.

బొర్రాలో ఎక్కువమంది పొరపాటు పడేది చల్లదనాన్ని నమ్మి. బయట 22 డిగ్రీలే కదా అని కుక్కను కారులో ఉంచి అద్దాలు ఎక్కించి గుహలు చూడటానికి పోతారు. ఎండలో నిలిపిన కారు లోపల గంటలో ఉష్ణోగ్రత సుమారు 22 డిగ్రీలు పెరుగుతుందని ప్రయోగాల్లో తేలింది. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే. అద్దం కాస్త దించి ఉంచినా పెద్ద తేడా ఉండదు. గుహలు తాపీగా చూసి వచ్చేసరికి కారు లోపల 44 డిగ్రీలు.

పోనీ గుహల్లోకి వెంట తీసుకుపోదామా అంటే అదీ మంచి ఆలోచన కాదు. తడి మెట్లు, జనం సందడి, గబ్బిలాల వాసన, చీకటి పగుళ్లు. కన్నం కనబడితే దూరే కుక్కకు సున్నపురాతి గుహ అంతకంటే పెద్ద ఊరింపు. పగుల్లోకి జారితే బయటికి తీయడం ఎవరి తరమూ కాదు. బయట కోతులు చేతిలోని పొట్లాల కోసం కాచుకుని ఉంటాయి. టెర్రియర్ తన బరువు చూసుకోకుండా వాటి మీదికి ఉరుకుతుంది. ఒకరు కుక్కతో నీడలో ఉండి, మిగతావాళ్లు గుహ చూసి వచ్చి, తరువాత వంతు మార్చుకోవడమే మేలు. రైల్లో వద్దామనుకునేవాళ్లకు ముందే తెలియాల్సిన సంగతి ఒకటుంది. ఏసీ ఫస్ట్ క్లాసులో కూపేనో క్యాబినో మొత్తం తీసుకుంటే తప్ప రైల్వే నిబంధనలు కుక్కను పెట్టెలో వెంట ఉంచుకోనివ్వవు. లేదంటే గార్డు పెట్టెలోని కుక్కల గదికి బుక్ చేయాలి. సొరంగం తరువాత సొరంగం దాటే ఈ దారిలో చిన్న కుక్కను ఒంటరిగా ఆ గదిలో వేయడం దాన్ని బెదరగొట్టడమే.

గడ్డిలో, గోడలో, నీళ్లలో

వాన కాలం కొండల్లో పచ్చిక మోకాలెత్తు పెరుగుతుంది. గడ్డిలో దూరి తిరిగే పొట్టికాళ్ల కుక్కకు పిడుదులు పట్టడం క్షణంలో పని. కుక్కలకు పట్టే గోధుమరంగు పిడుదు మూడు దశల్లో పెరుగుతుంది. ప్రతి దశలోనూ రక్తం తాగి, కిందికి దిగి, గోడ పగుళ్లలోనో మంచం కోళ్ల సందుల్లోనో కుబుసం విడిచి, మళ్లీ కుక్కను వెతుక్కుంటుంది. ఆడ పిడుదు ఒక్కటే వేల గుడ్లు పెడుతుంది. కొండ నుంచి తెచ్చిన రెండు పిడుదులతో ఫ్లాటంతా నిండిపోవడానికి కారణం అదే. ఒంటి మీద ఉన్నవాటిని ఏరి పారేస్తే సరిపోదు, ఇల్లు కూడా చూసుకోవాలి.

అసలు ముప్పు అది తాగే రక్తంలో లేదు, వదిలే క్రిముల్లో ఉంది. ఎర్లీషియా కానిస్ అనే బాక్టీరియా తెల్లకణాల్లో దూరి, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లను పడగొడుతుంది. బబీసియా ఎర్రకణాలనే పగలగొడుతుంది. పిడుదు కరిచిన రెండు మూడు వారాల తరువాత జ్వరం, తిండి మీద అయిష్టం, పాలిపోయిన చిగుళ్లు, ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం కనిపిస్తాయి. యాత్ర అప్పటికే మరిచిపోయి ఉంటారు కాబట్టి ఫలానా తేదీన కొండకు వెళ్లామని డాక్టరుకు చెప్పడం చాలా ముఖ్యం. రక్తపరీక్షతో త్వరగా తేలితే మందులున్నాయి. ప్రయాణానికి ముందే, కుక్క బరువుకు తగిన పిడుదుల మాత్రో మెడ మీద వేసే చుక్కలో డాక్టరును అడిగి వాడాలి. పెద్ద కుక్క మోతాదును సగం చేసి చిన్నదానికి వేయడం ప్రమాదం. తిరిగొచ్చిన రాత్రి చెవుల లోపల, వేళ్ల సందుల్లో, తోక కింద వేలితో తడిమి చూడాలి.

ఎలుకలు పట్టే కుక్కకు ఎలుకల నుంచి వచ్చే జబ్బు లెప్టోస్పైరోసిస్. ఎలుక మూత్రంతో కలిసిన వాననీటి గుంటలో తాగినా, పాదాల పగుళ్ల ద్వారానైనా ఆ బాక్టీరియా లోపలికి వెళ్లి మూత్రపిండాలను, కాలేయాన్ని దెబ్బ తీస్తుంది. అదే కుక్క మూత్రం నుంచి మనిషికీ సోకుతుంది. ఏటా వేయించే బహురోగ టీకాలో దీనికి రక్షణ ఉందో లేదో అడిగి వేయించాలి. దానికి తాగే నీళ్లు ఇంటి నుంచే తీసుకుపోవాలి.

ఇక పాములు. ఇక్కడ మరో రసెల్ ప్రస్తావన తేవాలి. 1780ల్లో విశాఖపట్నంలో ఉన్న స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రసెల్ ఈ తీరపు పాములను సేకరించి, ఇక్కడి జనం వాడే తెలుగు పేర్లతో సహా 1796లో పుస్తకంగా వెలువరించాడు. ఏ పాము విషం ఎంత ఘాటుదో తేల్చడానికి కోళ్ల మీద, కుక్కల మీద కాటు వేయించి, లక్షణాలను గంట గంటకూ రాసిపెట్టాడు. ఇవాళ అలాంటి ప్రయోగాన్ని ఎవరూ ఒప్పుకోరు. కానీ రక్తపింజరికి ప్రపంచమంతా ఆయన పేరే పెట్టుకుంది. ఆ పాము ఎదురైతే టెర్రియర్ వెనక్కి తగ్గదు, మూతి ముందుకు పెడుతుంది. పాము వదిలే విషం కుక్క బరువును బట్టి తగ్గదు కాబట్టి చిన్న ఒంటిలో అది మరింత గాఢంగా పని చేస్తుంది. నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి విషాలకు మనుషులకు వాడే విరుగుడునే పశువైద్యులూ వాడతారు. కట్టు బిగించడం, గాటు పెట్టడం లాంటివి చేయకుండా కుక్కను నడిపించకుండా ఎత్తుకుని తీసుకుపోవాలి. కొండల్లో ఫోను సిగ్నలు ఎప్పుడూ నమ్మదగింది కాదు. దారిలో పశువైద్యశాల ఎక్కడుందో బయలుదేరే ముందే కనుక్కుని ఉంచుకుంటే మంచిది.

కాఫీ గింజ, బొంగు చికెన్

అరకు వెళ్లినవాళ్లు తెచ్చుకునేది కాఫీ, తినేది బొంగులో చికెన్. రెండూ చిన్న కుక్కకు పనికిరావు. కాఫీలోని కెఫీన్ కుక్కకు విషం. కిలో బరువుకు 20 మిల్లీగ్రాములకు అశాంతి, వాంతులు మొదలవుతాయి. 40 దాటితే గుండె లయ తప్పుతుంది, 60 దగ్గర ఫిట్స్ వస్తాయి. అరబికా గింజలో కెఫీన్ సుమారు 1.2 శాతం. సంచిలోంచి పది గ్రాముల గింజలు కిందపడి యార్కీ నమిలిందనుకుందాం. అందులో 120 మిల్లీగ్రాములు, మూడు కిలోల ఒంటికి పంచితే కిలోకు 40. అవే గింజలు ఇరవై కిలోల కుక్క తింటే కిలోకు ఆరే. కాఫీ చాక్లెట్‌లో కెఫీన్‌కు తోడు థియోబ్రోమిన్ కూడా కలుస్తుంది.

బొంగులో చికెన్‌లో ఉల్లి, వెల్లుల్లి, కారం, ఉడికిన ఎముకలు ఉంటాయి. ఉల్లిలోని గంధక పదార్థాలు కుక్క ఎర్రకణాలను చెడగొడతాయి. కిలోకు 15 గ్రాముల ఉల్లి తిన్నా రక్తంలో మార్పు కనిపించవచ్చు. మూడు కిలోల కుక్కకు అది ఒక చిన్న ఉల్లిపాయ. ఉడికిన కోడి ఎముక పుల్లల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. మసాలా వేయకముందు తీసిన రెండు మెత్తని ముక్కలు, కాస్త అన్నం చాలు దానికి పండగ.

పళ్లు, మోకాలు, గొంతు, కన్ను

పెద్ద కుక్కకూ చిన్న కుక్కకూ 42 పళ్లే. దవడ మాత్రం చిన్నది. ఇరుకులో పళ్ల మధ్య ఆహారం నిలిచి గార పేరుకుంటుంది. ఆరు నెలలు దాటినా పాలపళ్లు ఊడకపోతే తీయించాలి. కుక్కల పేస్టుతో రోజూ తోమడం చిన్నప్పుడే అలవాటు చేయాలి. మన పేస్టు వాడకూడదు. కొన్నిటిలో ఉండే జైలిటాల్ కుక్కకు విషం.

నడుస్తూ నడుస్తూ వెనక కాలు ఒకటి ఎత్తి రెండడుగులు కుంటి, మళ్లీ ఏమీ కానట్టు పరిగెత్తితే మోకాటి చిప్ప పక్కకు జారుతోందని అర్థం. చిన్న జాతుల్లో ఇది మామూలు. ఎత్తైన మంచాల మీంచి దూకనివ్వకపోవడం, బరువు పెరగనివ్వకపోవడం మొదటి వైద్యం. యార్కీల్లో శ్వాసనాళపు మృదులాస్థి ఉంగరాలు బలహీనపడి నాళం నొక్కుకుపోతుంది. బాతు కూతలాంటి పొడి దగ్గు దాని గుర్తు. వాటికి మెడపట్టీ వద్దు, ఛాతీకి తొడిగే పట్టీ వాడాలి. ఘాటు రోడ్డు మీద కారు మలుపు తిరిగినప్పుడల్లా మెడ లాగకుండా ఉంటుంది.

టెర్రియర్లలో ప్రత్యేకంగా చూడాల్సింది కన్ను. కంటి కటకాన్ని పట్టి ఉంచే సన్నని తంతువులు నడివయసులో తెగి, కటకం చోటు తప్పే వారసత్వ జబ్బు కొన్ని టెర్రియర్ జాతుల్లో ఉంది. దానికి కారణమైన ఏడీఏఎంటీఎస్ 17 జన్యువులోని మార్పును 2010లో గుర్తించారు. కన్ను ఎర్రబడి, మబ్బు కమ్మి, కుక్క మూసుకుంటూ ఉంటే ఆ రోజే చూపించాలి. లోపలి ఒత్తిడి పెరిగి ఒకటి రెండు రోజుల్లో చూపు పోవచ్చు. పిల్లను కొనేటప్పుడు తల్లిదండ్రులకు ఈ జన్యుపరీక్ష జరిగిందా అని అడగడం కొనేవారి హక్కు.

ఇన్ని చెప్పినా ఇవి గట్టి కుక్కలే. లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు 2022లో ప్రచురించిన లెక్కల్లో జాక్ రసెల్ సగటు ఆయుర్దాయం 12.7 ఏళ్లు, పరిశీలించిన జాతుల్లో అదే ఎక్కువ. ముక్కు అణిగిన ఫ్రెంచ్ బుల్‌డాగ్‌కు 4.5 ఏళ్లే. పని కోసం ఏరిన శరీరానికీ, ముఖం చూసి ఏరిన శరీరానికీ ఉన్న తేడా ఆ రెండు అంకెల్లో కొంతైనా కనిపిస్తుంది.

కొండ కుక్క పక్కన నిలబెడితే

బొర్రా చుట్టుపక్కల పల్లెల్లో ప్రతి ఇంటి ముందూ ఓ కుక్క ఉంటుంది. నిటారు చెవులు, పొట్టి బొచ్చు, సన్నని నడుము, మధ్యస్థమైన ఒళ్లు. దాన్ని ఎవరూ కొలతలు పెట్టి ఏరలేదు. ఇక్కడి ఎండ, వాన, పిడుదులు, జబ్బులు ఏరాయి. తట్టుకోలేనివి పిల్లలుగానే పోయాయి, తట్టుకున్నవి మేకలకు, చేలకు కాపలా ఉన్నాయి. తెలుగు నేల మీద మనుషులు పనికోసం పెంచుకున్న కుక్కలూ లేకపోలేదు. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందలు కాసిన జోనంగి అలాంటిదే. దానికీ గుంట తవ్వుకుని పడుకునే అలవాటుంది.

నగరం నుంచి వచ్చిన టెర్రియర్, ఊరి కుక్క ఎదురుపడినప్పుడు జబ్బులు ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ పోతాయి. ప్రపంచంలో రేబిస్ మరణాల్లో 36 శాతం మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మూడు నెలల వయసులో రేబిస్ టీకా, డాక్టరు చెప్పిన ప్రకారం బూస్టరు, ఆపైన ఏటా ఒకటి తప్పనిసరి. మనిషిని ఏ కుక్క కరిచినా, గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి టీకాకు వెళ్లాలి. కుక్కల డిస్టెంపర్ వైరస్ ఊళ్లతో ఆగదు. 2018లో గిర్ అడవిలో సింహాలు చనిపోయినప్పుడు వాటి నమూనాల్లో ఆ వైరస్ బయటపడింది. అడవి అంచున తిరిగే ప్రతి కుక్కకూ టీకా వేయించడం అడవికి చేసే ఉపకారం కూడా.

రోజుకో వేట

చిన్న కుక్క కాబట్టి ఇంట్లో తిరిగితే చాలన్న మాటే టెర్రియర్‌కు జరిగే పెద్ద అన్యాయం. దాని కాళ్లు పొట్టివి, బుర్రలో పని మాత్రం అలాగే ఉంది. పని ఇవ్వకపోతే సొంతంగా వెతుక్కుంటుంది, అది మీకు నచ్చేది కాదు. ఉదయం, సాయంత్రం అరగంట చొప్పున నడక, అందులో వాసన చూసుకునే తీరిక కూడా కావాలి. పళ్లెంలో పోసే తిండిలో కొంత భాగాన్ని గదిలో అక్కడక్కడా దాచి వెతికించాలి. బాల్కనీలో ఒక తొట్టిలో ఇసుక నింపి, అందులో బొమ్మలు పాతిపెట్టి, ఇక్కడ తవ్వు అని చోటు చూపించాలి. బట్టబొమ్మను విదిలించే ఆట ఆడించి, వదులు అనగానే వదిలితే తిండి ముక్క ఇవ్వాలి. మొరిగినప్పుడు అరవడం కంటే, పిలిస్తే వచ్చి కూర్చోవడం నేర్పితే మొరుగుడు తగ్గుతుంది. అరిస్తే మనమూ దానితో కలిసి మొరుగుతున్నామని అనుకుంటుంది.

రోజుకు గంట దాని కోసం తీయలేని ఇంట్లో టెర్రియర్‌ను తేకపోవడమే మంచిది. వేలకు వేలు పోసి కొన్న కుక్క ఏసీ గదిలో గోడలు గీరుతూ బతకడం ఎవరికీ సుఖం కాదు. కుక్క కావాలి, ఈ వాతావరణంలో హాయిగా బతికేది కావాలి అనుకునేవాళ్లకు వీధిలో పుట్టిన పిల్లే సరైన ఎంపిక. టెర్రియరే కావాలనుకుంటే, కొనేటప్పుడు ధర, రంగు, బొచ్చు పొడవు కంటే ముందు ఒక లెక్క వేసుకోవాలి. రాబోయే పన్నెండు, పదమూడేళ్లపాటు ప్రతిరోజూ దానికి వెతకడానికో, తవ్వడానికో, తరమడానికో ఏదో ఒక పని మన ఇంట్లో దొరుకుతుందా? దొరుకుతుందన్నవాళ్లకు ఇంతకంటే చురుకైన, నవ్వించే తోడు దొరకదు. టీకాలు వేయించి, పొడుగు తాడు చేతబట్టుకుని, వాళ్లు దాన్ని ధైర్యంగా బొర్రాకూ తీసుకురావచ్చు.